నాలుగు సెంటీమీటర్ల అవతల

1984 ఆగస్టు 6 సాయంత్రం. లాస్ ఏంజెలెస్ కొలీజియంలో ఒలింపిక్ లాంగ్ జంప్ ఫైనల్ జరుగుతోంది. ఆఖరి దశకు చేరినవాళ్లకు మొత్తం ఆరు అవకాశాలు ఉంటాయి. అమెరికాకు చెందిన కార్ల్ లూయిస్ మొదటి అవకాశంలోనే 8.54 మీటర్లు దూకాడు. రెండోది ఫౌల్. ఇక చాలనుకున్నాడు, మిగిలిన నాలుగూ వదిలేశాడు. ఆ దూరాన్ని ఎవరూ అందుకోలేకపోయారు. రెండో స్థానంలో నిలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు గ్యారీ హనీ దూకింది 8.24 మీటర్లే. స్వర్ణం లూయిస్‌దే. అయినా సొంత దేశపు జనం అతన్ని గేలి చేశారు.

జనం కోపంలో కొంత న్యాయం లేకపోలేదు. 1968లో మెక్సికో సిటీలో బాబ్ బీమన్ దూకిన 8.90 మీటర్ల ప్రపంచ రికార్డు అప్పటికి పదహారేళ్లుగా చెక్కు చెదరలేదు. దాన్ని కొట్టగలిగితే లూయిసే కొట్టాలని ఆటల మీద ఆసక్తి ఉన్న వాళ్లందరి నమ్మకం. పతకం ఎలాగూ వస్తుంది, కనీసం రికార్డు కోసం ప్రయత్నిస్తాడు కదా అన్న ఆశతో టికెట్ కొనుక్కుని వచ్చారు. తీరా వచ్చాక అతను దూకడమే మానేశాడు.

లూయిస్ లెక్క వేరు. ఆ రోజే 200 మీటర్ల తొలి రౌండ్లు పరిగెత్తి వచ్చాడు. ఇంకా ఆ పరుగు సెమీఫైనల్, ఫైనల్, ఆ పైన రిలే మిగిలే ఉన్నాయి. అతనికి కావాల్సింది నాలుగు స్వర్ణాలు. తొడ కండరం ఒక్కటి పట్టేసిందంటే మిగిలిన రెండూ పోతాయి. గెలవడానికి ఒక్క జంప్ సరిపోయినప్పుడు ఇంకో నాలుగు ఎందుకు?

పద్దెనిమిదేళ్ల అంతర్జాతీయ ప్రస్థానంలో లూయిస్ ఈ లెక్కను తప్పింది చాలా తక్కువ. తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం సంపాదించాడు. 100 మీటర్ల ప్రపంచ రికార్డు సాధించాడు. రిలేల్లో పలుమార్లు ప్రపంచ రికార్డు జట్టులో ఉన్నాడు. పదేళ్లపాటు లాంగ్ జంప్‌లో ఓటమి ఎరగలేదు. ఆరుబయట లాంగ్ జంప్ ప్రపంచ రికార్డు మాత్రం అతని పేరు మీద ఒక్క రోజు కూడా లేదు. ఏ పోటీలో అతనికి ఎదురే లేకపోయిందో, ఆ పోటీ రికార్డే అతనికి దక్కలేదు.

*

ఫ్రెడరిక్ కార్ల్‌టన్ లూయిస్ 1961 జులై 1న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. పెరిగింది న్యూజెర్సీలోని విలింగ్‌బరోలో. తల్లిదండ్రులు బిల్, ఎవెలిన్ అక్కడ పిల్లలకు అథ్లెటిక్స్ నేర్పే క్లబ్ నడిపేవారు. ఎవెలిన్ స్వయంగా 1951 పాన్ అమెరికన్ క్రీడల్లో హర్డిల్స్‌లో పరిగెత్తిన క్రీడాకారిణి. చెల్లెలు కెరొల్ కూడా లాంగ్ జంపరే. 1983లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది. చిన్నతనంలో కార్ల్ పీలగా ఉండేవాడు, ఆటల్లో ముందుండేది చెల్లెలే. పదిహేనేళ్ల వయసులో ఒక్కసారిగా పొడవు పెరిగాడు. ఆ వేగానికి ఒళ్లు తట్టుకోలేక కొన్ని వారాలు చంకకర్రల సాయంతో నడవాల్సి వచ్చింది.

చిన్నప్పుడే అతను జెస్సీ ఓవెన్స్‌ను కలిశాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హిట్లర్ కళ్లెదుట 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్ జంప్, రిలేల్లో నాలుగు స్వర్ణాలు గెలిచిన నల్లజాతి అమెరికన్ ఓవెన్స్. లూయిస్ తర్వాత ఎంచుకున్నవీ సరిగ్గా ఆ నాలుగే.

1979లో పాన్ అమెరికన్ క్రీడల్లో లాంగ్ జంప్ కాంస్యంతో అంతర్జాతీయ వేదిక ఎక్కాడు. మరుసటి ఏడాది ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు కానీ, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్లినందుకు నిరసనగా అమెరికా మాస్కో ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. ఆ సరికి అతను హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో టామ్ టెలెజ్ అనే కోచ్ దగ్గర చేరిపోయాడు. మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పితో వచ్చిన కుర్రాడికి టెలెజ్ జంప్ పద్ధతినే మార్చి, నొప్పి లేకుండా పూర్తి బలంతో దూకడం నేర్పించాడు. లూయిస్ పోటీల నుంచి తప్పుకునే దాకా ఆ గురువును వదల్లేదు. ఇలాంటి సాంగత్యం అథ్లెటిక్స్‌లో అరుదు.

*

వేగంగా పరిగెత్తేవాడు దూరం దూకుతాడని ఎవరైనా చెబుతారు. అది సగం నిజమే. మిగతా సగం తెలిస్తే తప్ప లూయిస్ చేసిన పని ఎంత కష్టమో అర్థం కాదు.

లాంగ్ జంపర్ గాల్లోకి లేచాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. గాల్లో లూయిస్ నడుస్తున్నట్టు కాళ్లు ఆడించడం వీడియోల్లో చూసే ఉంటారు. ఆ నడక అతన్ని ఒక్క సెంటీమీటరు కూడా ముందుకు తోయదు. బోర్డు మీద కాలు ఆనగానే శరీరం పైభాగం ముందుకు తూలిపోతుంది. ఆ తూలుడు ఆపి, కాళ్లు ముందుకు చాచి ఇసుకలో దిగడానికే ఆ విన్యాసం. ఎంత దూరం వెళతాడన్నది మాత్రం నేలను వదిలే క్షణంలోనే తేలిపోతుంది. ఎంత వేగంతో వచ్చాడు, ఎంత కోణంలో లేచాడు అన్నవే ప్రధానం.

బడి పాఠంలో చదివిన ప్రకారమైతే 45 డిగ్రీల కోణంలో విసిరిన వస్తువు ఎక్కువ దూరం వెళ్లాలి. లాంగ్ జంపర్లు లేచేది సుమారు 20 డిగ్రీల కోణంలోనే. పైకి ఎక్కువ లేవాలంటే పరుగు వేగం చంపుకోవాలి మరి. బోర్డు మీద పాదం ఆనేది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు సమయం. అంత తక్కువ వ్యవధిలో ముందుకు దూసుకొస్తున్న ఒంటిని పైకి మళ్లించాలి. అందుకే ఆఖరి అడుగుకు ముందు అడుగును కాస్త సాగదీసి, నడుమును కొద్దిగా దించి, చివరి అడుగు పొట్టిగా వేస్తారు. వేగం తగ్గకుండా ఇది చేయడమే ఈ విద్యలోని అసలు కిటుకు.

ఇక ఆ బోర్డు. దాని వెడల్పు 20 సెంటీమీటర్లు. లూయిస్ దాదాపు 50 మీటర్ల దూరం నుంచి, 23 అడుగుల్లో, చివరికి సెకనుకు సుమారు 11 మీటర్ల వేగానికి చేరి, ఆ పట్టీ మీద పాదం పెట్టాలి. ముందున్న గీత దాటితే ఫౌల్. వెనక్కి పెడితే ఆ మేరకు దూరం వృథా, ఎందుకంటే కొలత గీత దగ్గర నుంచే మొదలవుతుంది. ఒక్కో అడుగులో ఒక్కో సెంటీమీటరు తేడా వచ్చినా బోర్డు చేరేసరికి మొత్తం తేడా దాని వెడల్పునే మించిపోతుంది. ఎదురుగాలి, వెనకగాలి, ట్రాక్ తడి, ఆ రోజు ఉత్సాహం, అన్నీ అడుగు పొడవును మారుస్తాయి.

ఉత్త స్ప్రింటర్‌కు ఈ బాధ లేదు. గీత దాటడమే అతని పని, ఏ కాలు ముందు పడిందో ఎవరూ అడగరు. చాలామంది వేగవంతులు లాంగ్ జంప్‌లో విఫలమయ్యేది అదుపు దగ్గరే. లూయిస్ పరుగే అదుపు మీద కట్టినది. మొదట్లో వెనకబడేవాడు. అందరూ అలిసి వేగం తగ్గే చివరి 30, 40 మీటర్లలో ముఖ కండరాలు కూడా బిగించకుండా, నిటారుగా, అదే లయతో వచ్చేవాడు. చూసేవాళ్లకు అతను చివర్లో వేగం పెంచినట్టు కనిపించేది. నిజానికి మిగిలినవాళ్లు తగ్గుతుంటే అతను తక్కువగా తగ్గేవాడు. లాంగ్ జంప్ రన్‌వే నేర్పిన పాఠమే 100 మీటర్లలో పనికొచ్చిందని అనిపిస్తుంది. లోకం అతన్ని లాంగ్ జంప్ కూడా చేసే స్ప్రింటర్‌గా గుర్తుపెట్టుకుంది. తిరగేసి చెబితేనే సరిగ్గా ఉంటుంది.

*

1981 నుంచి 1984 దాకా అతని ఎదుగుదలకు అడ్డు లేదు. 1983లో ఇండియానాపోలిస్‌లో జరిగిన జాతీయ పోటీల్లో 100, 200, లాంగ్ జంప్ మూడూ గెలిచాడు. 200 మీటర్ల పరుగును 19.75 సెకన్లలో ముగించాడు. అప్పటి ప్రపంచ రికార్డు 19.72. గీతకు ఇంకా కొన్ని అడుగుల ముందే చేతులు పైకెత్తి సంబరం మొదలుపెట్టకపోతే ఆ రికార్డు పోయేదేమో. ఆ ఏడాదే హెల్సింకీలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగితే 100 మీటర్లు, లాంగ్ జంప్, రిలే మూడింట్లో స్వర్ణాలు పట్టుకొచ్చాడు. 1984 జనవరిలో న్యూయార్క్‌లో ఇండోర్‌లో 8.79 మీటర్లు దూకాడు. నాలుగు గోడల మధ్య అంతకంటే దూరం ఇప్పటికీ ఎవరూ దూకలేదు.

వీటన్నిటికీ ముందు 1982లో అదే ఇండియానాపోలిస్‌లో ఒక వివాదం. లూయిస్ దూకిన ఒక జంప్ 30 అడుగుల దాకా, అంటే 9.14 మీటర్ల దాకా వెళ్లిందని అక్కడున్న పోటీదారులు చెప్పారు. బోర్డు దగ్గరున్న అధికారి మాత్రం కాలి వేళ్లు గీత దాటాయని ఫౌల్ ఇచ్చాడు. గీత అవతల పరిచిన మెత్తటి పట్టీ మీద పాదం గుర్తు మాత్రం పడలేదు. ఫౌల్ అన్నాక ఇసుకను చదును చేసేశారు, కొలవలేదు. ఆ దూరం ఎంతన్నది ఇక ఎప్పటికీ తేలదు.

లాస్ ఏంజెలెస్‌లో అనుకున్నవన్నీ జరిగాయి. 100 మీటర్లను 9.99 సెకన్లలో ముగించి రెండో స్థానంలోని శామ్ గ్రాడీ కంటే 0.20 సెకన్లు ముందున్నాడు. వందలో అది చాలా పెద్ద తేడా. 200 మీటర్లను ఒలింపిక్ రికార్డుతో 19.80 సెకన్లలో, రిలేను ప్రపంచ రికార్డుతో 37.83 సెకన్లలో గెలిచాడు. నాలుగు స్వర్ణాలతో ఓవెన్స్ సరసన నిలబడ్డాడు. ఆ రోజు చూడ్డానికి ఓవెన్స్ లేడు, 1980 మార్చిలోనే చనిపోయాడు.

ఇంత గెలిచిన వాణ్ని అమెరికా నెత్తిన పెట్టుకోవాలి. పెట్టుకోలేదు. వదిలేసిన ఆ నాలుగు జంప్‌లు గుర్తుండిపోయాయి. మాటల్లో ధీమా ఎక్కువ, తన విలువ తానే చెప్పుకునే అలవాటు, మీడియాతో ముభావం. ఇవన్నీ కలిసి అతన్ని దూరం పెట్టాయి. ఒలింపిక్స్‌కు ముందు కోకాకోలా ఇస్తానన్న ఒప్పందాన్ని ఇంకా మంచిది వస్తుందని కాదన్నాడు. స్వర్ణాలు గెలిచాక ఆ మంచిది రాలేదు. నైకీ కూడా వదిలేసింది. యూరప్‌లో, జపాన్‌లో మాత్రం అతను కనిపిస్తే జనం ఎగబడేవారు. వింతేమిటంటే, అదే 1984లో ఓ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు కూడా తమ ఎంపిక జాబితాలో అతని పేరు చేర్చుకున్నాయి. అతను ఆ రెండు ఆటలూ ఆడలేదు. అమెరికన్లు ఆటగాడి దగ్గర ఆశించే అణకువ లూయిస్ దగ్గర లేకపోయింది. కానీ అదే గర్వం మహమ్మద్ అలీలో ముచ్చటగా తోచిన దేశానికి లూయిస్‌లో మాత్రం ఎందుకు గుచ్చుకుందో చెప్పడం కష్టం.

*

1987లో తండ్రి బిల్ క్యాన్సర్‌తో చనిపోయాడు. లాస్ ఏంజెలెస్‌లో గెలిచిన 100 మీటర్ల పతకాన్ని లూయిస్ తండ్రి చేతిలో పెట్టి సమాధి చేయించాడు. ఇంకోటి తెచ్చుకుంటానని తల్లికి మాటిచ్చాడు.

అది అంత తేలికైన మాట కాదు. అప్పటికి కెనడా నుంచి బెన్ జాన్సన్ వచ్చేశాడు. అదే ఏడాది రోమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జాన్సన్ 9.83 సెకన్లలో 100 మీటర్లు దాటాడు. లూయిస్‌కు 9.93. పోటీల్లో నిషిద్ధ మందులు వాడుతున్నారని లూయిస్ బాహాటంగా అన్నప్పుడు ఓడినవాడి ఏడుపుగా కొట్టిపారేశారు. 1988 సెప్టెంబర్ 24న సియోల్‌లో జాన్సన్ 9.79తో గెలిచాడు. లూయిస్ 9.92తో రెండోవాడు. రోజులు తిరక్కుండానే జాన్సన్ మూత్ర నమూనాలో స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ దొరికింది, స్వర్ణం లూయిస్ చేతికొచ్చింది. తండ్రితో వెళ్లిపోయిన పతకానికి బదులు అలా దొరికింది. ఏ గెలుపూ ఇలా దక్కాలని ఎవరూ కోరుకోరు.

ఈ కథను ఇక్కడితో ఆపేస్తే లూయిస్ కడిగిన ముత్యంలా మిగులుతాడు. 2003లో అమెరికా ఒలింపిక్ సంఘంలో పనిచేసిన వేడ్ ఎక్సమ్ అనే వైద్యుడు బయటపెట్టిన కాగితాలు అంత సాఫీగా పోనివ్వలేదు. 1988 ఒలింపిక్ ఎంపిక పోటీల్లో లూయిస్ నమూనాల్లో కూడా నిషిద్ధ ఉత్ప్రేరకాల జాడలు దొరికాయి. జలుబు మందుల్లో, మూలికల మాత్రల్లో ఉండే ఎఫెడ్రిన్ జాతివి అవి. తెలియక తీసుకున్నాడన్న వివరణను సంఘం ఒప్పుకుని వదిలేసింది. మోతాదు స్వల్పమని, నిబంధనల ప్రకారమే నడుచుకున్నారని అంతర్జాతీయ సమాఖ్య కూడా తర్వాత తేల్చింది. కండలు పెంచే స్టెరాయిడ్‌నూ దీన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. అయితే ఎదుటివాళ్ల మీద వేలెత్తి చూపిన మనిషి విషయంలో ఈ నిజం పదిహేనేళ్లు బీరువాలో ఉండిపోవడం కూడా సరికాదు.

సియోల్‌లో లాంగ్ జంప్‌ను 8.72 మీటర్లతో గెలిచాడు. ఒలింపిక్స్‌లో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకున్న తొలి పురుషుడు అతనే. రెండో స్థానంలో 8.49 మీటర్లతో మైక్ పావెల్ అనే సన్నటి, పొడవాటి కాలిఫోర్నియా కుర్రాడు నిలిచాడు. అప్పటికి ఆ పేరును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 200 మీటర్లలో లూయిస్ తనతోపాటు సాధన చేసే జో డీలోచ్ చేతిలో 0.04 సెకన్ల తేడాతో ఓడి రజతం తీసుకున్నాడు. అతని ఒలింపిక్ జీవితంలో స్వర్ణం కాని పతకం అదొక్కటే. అమెరికా రిలే జట్టు హీట్స్‌లోనే బ్యాటన్ మార్పిడి తప్పి అనర్హత పొందింది.

*

1991లో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ నాటికి లూయిస్‌కు ముప్పై నిండాయి. స్ప్రింటర్లకు అది ఇంటికెళ్లే వయసు. ఏడాది ముందే మాంసం, పాలు, గుడ్లు మానేసి పూర్తి శాకాహారానికి మారాడు. ఆ మార్పే తనకు కలిసొచ్చిందని తర్వాత పదేపదే చెప్పాడు. పాలు, పెరుగు లేని శాకాహారం మన ఇళ్లలో ఊహకందదు కానీ, ఆ ఏడాది అతను పరిగెత్తిన తీరు చూస్తే వంక పెట్టలేం.

ఆగస్టు 25న 100 మీటర్ల ఫైనల్. పక్కన అప్పటి రికార్డు హోల్డర్ లెరోయ్ బరెల్. లూయిస్‌కు క్లబ్ సహచరుడు, స్నేహితుడు కూడా. సగం దూరం దాకా లూయిస్ వెనకే ఉన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరి మీటర్లలో బరెల్‌నూ దాటి 9.86 సెకన్ల ప్రపంచ రికార్డుతో గీత తాకాడు. బరెల్‌కు 9.88. ఒకే పరుగులో ఆరుగురు పది సెకన్లలోపు ముగించడం అదే మొదటిసారి.

అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 30న లాంగ్ జంప్ ఫైనల్. అప్పటికి లూయిస్ ఆ పోటీలో 1981 నుంచి వరుసగా 65 సార్లు గెలిచాడు. పావెల్ అతని చేతిలో వరుసగా పదిహేనుసార్లు ఓడాడు.

లూయిస్ మొదటి జంప్ 8.68. పావెల్‌ది 7.85, కంగారు తెలిసిపోయే జంప్. రెండో అవకాశంలో లూయిస్ ఫౌల్, పావెల్ 8.54తో తేరుకున్నాడు. మూడో రౌండ్‌లో లూయిస్ 8.83 దూకాడు. నాలుగో రౌండ్‌లో పావెల్ చాలా దూరం దూకినా ఫౌల్ ఇచ్చారు. అతను నమ్మలేక బోర్డు దగ్గర వాదించాడు. వెంటనే లూయిస్ వచ్చి 8.91 దూకాడు. బీమన్ కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ. 23 ఏళ్లలో ఎవరూ చేరని చోటు.

కానీ గాలి సెకనుకు 2.9 మీటర్ల వేగంతో వెనకనుంచి వీస్తోంది. హద్దు 2.0. దాన్ని మించితే పోటీలో ఆ దూరం చెల్లుతుంది, రికార్డుగా మాత్రం చెల్లదు. 1968లో బీమన్ దూకినప్పుడు గాలి సరిగ్గా 2.0 నమోదైంది. పైగా మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉంటుంది, గాలి పలచన. ఆ రోజు బీమన్ పాత రికార్డును ఏకంగా 55 సెంటీమీటర్లు దాటేయడంతో కొలిచే పరికరం సరిపోక, ఉక్కు టేపు తెచ్చి కొలిచారు. ఆ బీమన్ రికార్డుకు ఉన్న అదృష్టాల్లో సగం ఉన్నా టోక్యోలో లూయిస్ నాలుగో జంప్ చరిత్రకెక్కేది.

అయిదో రౌండ్‌లో పావెల్ పరుగు మొదలుపెట్టాడు. గాలి దాదాపు నిలిచిపోయింది. 0.3 మాత్రమే. పావెల్ బోర్డు నుంచి లూయిస్ కంటే ఎత్తుగా లేచాడు. వేగంలో లూయిస్‌దే పైచేయి, లేచిన కోణంలో పావెల్‌ది. ఇసుకలో దిగాక కొలత తెర మీద కనిపించింది: 8.95.

లూయిస్‌కు ఇంకా రెండు అవకాశాలున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో వదిలేసినట్టు ఈసారి వదిలేసే వీల్లేదు. మొదటిది 8.87. పైగా స్వల్పంగా ఎదురుగాలి. నిబంధనలకు లోబడి అతను జీవితంలో దూకిన అతి పెద్ద దూరం అదే. రెండోది 8.84. ఆ సాయంత్రం లూయిస్ నాలుగుసార్లు 8.80 దాటాడు. ఒక పోటీలో అలాంటి వరుస అంతకుముందు ఎవరికీ లేదు, ఆ తర్వాతా లేదు. అయినా రజతంతో ఇంటికెళ్లాడు. పావెల్ 8.80 దాటింది ఒక్కసారే, ఆ ఒక్కటే సరిపోయింది. గెలవడానికి ఒక్క మంచి జంప్ చాలన్న లెక్క లూయిస్‌ది. దాన్ని అతనికే అప్పజెప్పింది పావెల్.

ఓడాక లూయిస్ మాటల్లో పెద్దమనసు పెద్దగా లేదు. పావెల్ మళ్లీ అలా దూకలేకపోవచ్చన్నట్టు మాట్లాడాడు. ఆ మాట మర్యాదగా లేదు కానీ అబద్ధం కాలేదు. పావెల్ రికార్డులకు చెల్లే జంప్ అంతకంటే ఎక్కువ ఎప్పుడూ దూకలేదు. 1995లో ఇటలీలోని సెస్త్రియేరేలో క్యూబాకు చెందిన ఇవాన్ పెద్రోసో 8.96 దూకినట్టు ప్రకటించారు. గాలి కొలిచే పరికరానికి ఒక మనిషి అడ్డంగా నిలబడ్డాడని తేలి దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. 8.95 ఇప్పటికీ అలాగే ఉంది. ఆ పావెల్ దగ్గరే 2003లో మన అంజూ బాబీ జార్జ్ శిక్షణ తీసుకుంది, ఆ ఏడాదే పారిస్‌లో 6.70 మీటర్లతో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది.

*

టోక్యో తర్వాత లూయిస్ పరుగు తగ్గుముఖం పట్టింది. 1992లో అమెరికా ఎంపిక పోటీల్లో 100, 200 రెండింట్లోనూ జట్టులో చోటు దక్కలేదు. లాంగ్ జంప్ ఒక్కటే మిగిలింది. బార్సిలోనాలో మొదటి జంప్‌లోనే 8.67 దూకి, పావెల్‌ను 3 సెంటీమీటర్ల తేడాతో ఓడించాడు. సహచరుడి గాయం వల్ల రిలేలో చోటు దొరికితే ఆఖరి అంచె పరిగెత్తి 37.40 సెకన్ల ప్రపంచ రికార్డు సాధించిపెట్టాడు. మరుసటి ఏడాది ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు ముందు జాతీయగీతం పాడబోయి శ్రుతి తప్పి దేశమంతటా నవ్వులపాలయ్యాడు. 1994లో పిరెల్లీ టైర్ల ప్రకటనకు పరుగు మొదలుపెట్టే భంగిమలో, ఎర్రటి ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఫొటో దిగాడు. అదుపు లేకపోతే శక్తి వ్యర్థమని ఆ ప్రకటన చెబుతుంది. అంతకంటే తగిన మనిషి ఆ కంపెనీకి దొరికేవాడు కాదు.

1996 నాటికి 35 ఏళ్లు. ఎంపిక పోటీల్లో నాలుగోవాడి కంటే ఒకే ఒక్క అంగుళం ఎక్కువ దూకి మూడో బెర్త్ పట్టాడు. అట్లాంటాలో అర్హత పోటీలో రెండు జంప్‌లు అయ్యేసరికి 15వ స్థానం. ఇంటిదారి పట్టాల్సినవాడే. మూడో జంప్‌లో 8.29 దూకి ఆ రోజు అందరికంటే ముందు నిలిచాడు. జులై 29న ఫైనల్. పావెల్ గజ్జల్లో కండరం పట్టేసి ఇసుకలో ముఖం మీద పడ్డాడు. లూయిస్ మూడో జంప్‌లో 8.50 దూకాడు. జమైకాకు చెందిన జేమ్స్ బెక్‌ఫర్డ్ 8.29 దగ్గరే ఆగాడు. ఒకే వ్యక్తిగత పోటీలో వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలవడం అథ్లెటిక్స్‌లో అంతకుముందు డిస్కస్ త్రోయర్ ఆల్ ఓర్టర్‌కే సాధ్యమైంది.

పదో స్వర్ణం కోసం రిలే జట్టులో చోటు ఇమ్మని టీవీల్లో అడిగాడు. సాధన శిబిరానికి రాలేదన్న కారణంతో ఇవ్వలేదు. ఆ రిలేను కెనడా గెలిచింది. 1997లో లూయిస్ పోటీల నుంచి తప్పుకున్నాడు.

తర్వాత హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికే కోచ్‌గా తిరిగొచ్చాడు. మొదట్లో అక్కడ ప్రధాన కోచ్ ఎవరంటే, టోక్యోలో లూయిస్ ఓడించిన లెరోయ్ బరెల్. బరెల్ వెళ్లాక ఆ కుర్చీ లూయిస్‌కు వచ్చింది.

లాంగ్ జంప్ పరిస్థితి మాత్రం అతన్ని చికాకు పెడుతూనే ఉంది. 2008 నుంచి 2024 దాకా జరిగిన అయిదు ఒలింపిక్స్‌లో ఏ పురుషుడూ 8.50 దూకి స్వర్ణం గెలవలేదు. పారిస్‌లో గ్రీస్‌కు చెందిన మిల్తియాడిస్ టెంటోగ్లూ 8.48తో గెలిచాడు. అంటే 35 ఏళ్ల లూయిస్ అట్లాంటాలో దూకిన దూరం ఈ అయిదు స్వర్ణాలకూ సరిపోయేది. షూస్, ట్రాక్‌లు, ఆహారం అన్నీ మెరుగయ్యాక కూడా ఇలా జరగడానికి ఒక కారణం కళ్లెదుటే ఉంది. సెకనుకు 11 మీటర్ల వేగం అందుకోగల కుర్రాళ్లు ఇప్పుడు 100, 200 మీటర్లు వదిలి ఇసుక దగ్గరికి రావడం లేదు. డబ్బూ పేరూ అటే ఉన్నాయి.

2024 ఫిబ్రవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య మరో దారి ఆలోచించింది. జంప్‌ల్లో మూడో వంతు దాకా ఫౌల్స్‌కే పోతున్నాయని, ప్రేక్షకులు విసుగెత్తుతున్నారని, 20 సెంటీమీటర్ల బోర్డు తీసేసి వెడల్పాటి పట్టీ పెట్టి, కాలు ఎక్కడ పడితే అక్కణ్నుంచే కొలిస్తే ఎలా ఉంటుందని ప్రతిపాదించింది. లూయిస్ సోషల్ మీడియాలో దీన్ని ఏప్రిల్ ఫూల్ హాస్యంగా తీసిపారేశాడు. ఆ బోర్డును అందుకోవడమే ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన విద్య అని, అదే లేకుండా చేస్తే ఇంకేం మిగులుతుందని అతని వాదన. ఇండియానాపోలిస్‌లో పోయిన ఆ ముప్పై అడుగుల జంప్‌ను కొత్త పద్ధతిలో అయితే లెక్కగట్టేవారు. ఆ సంగతి అతనికి తెలియక కాదు.